మా ఊరి ఇసుక దిబ్బ మీద ఏ మొక్కలు నాటాలి? కాపలా ఎవరు కాయాలి?

ప్రశ్న: తీరపు పల్లె ఆడపడుచు, గుంటూరు

నేను గుంటూరులో కుట్టుపని చేసుకుంటూ బతుకుతున్నాను. పుట్టిల్లు నిజాంపట్నం వైపు, సముద్రాన్ని ఆనుకుని ఉన్న చిన్న మత్స్యకార పల్లె. ఊరికీ సముద్రానికీ మధ్య తాటిచెట్టులో సగం ఎత్తున ఇసుక దిబ్బ ఉండేది. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చినప్పుడు మా నాయనమ్మ ఇద్దరు పిల్లలను ఎత్తుకుని ఆ దిబ్బ ఎక్కి, వలతాడుతో తాటిచెట్టుకు కట్టుకుని రాత్రంతా గడిపిందట. ఆ మాట చెబుతూ ఆమె ఎప్పుడూ దిబ్బ వైపు తిరిగి దండం పెట్టేది.

ఇప్పుడు ఆ దిబ్బకు దక్షిణం వైపు గండి పడింది. ఇళ్ళ పునాదులు నింపడానికి రాత్రిపూట ట్రాక్టర్లు వచ్చి ఇసుక తోడుకుపోతున్నాయి. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు మా ఊళ్ళోకి ఉప్పునీరు వచ్చింది ఆ గండి గుండానే. మా అన్నయ్య పెరటి బావిలో నీళ్ళు ఇప్పటికీ నోట పెట్టుకోలేం. ఒక కార్యాలయానికి రెండుసార్లు అర్జీ ఇచ్చాం. వచ్చి చూసినవారు లేరు.

ఊరి కుర్రవాళ్ళు చందాలు వేసుకుని రెండు వేల సరుగుడు మొక్కలు తెచ్చి, అలల అంచు దాకా నాటుదామంటున్నారు. ఊరికి ఉత్తరాన, ఏరు సముద్రంలో కలిసే మొగ పక్కన ఉన్న పర్రలోనూ, అంటే ఉప్పునీటి బురదనేలలోనూ, అవే నాటుతారట. పర్రలో ఒకప్పుడు మడచెట్లు (ఉప్పునీటి బురదలో పెరిగే చెట్లు) ఉండేవి. వాళ్ళ ఉత్సాహం చూస్తే నాకు కళ్ళు చెమర్చాయి. కానీ మొక్కలు చచ్చిపోతే మళ్ళీ ఎవరూ ముందుకు రారన్న భయం కూడా ఉంది. తెలిసినవారు దారి చూపండి.

జవాబు: మడ నర్సరీలో పనిచేసి విరమించినవాడిని, విజయవాడ

అమ్మా, ముందు ఆ రెండు వేల మొక్కలకు బయానా ఇవ్వకుండా ఆపండి. మీరు చెప్పిన చోట్లు రెండూ ఒకటి కావు. దిబ్బకు కావలసింది వేరు, పర్రకు కావలసింది వేరు.

దిబ్బను పట్టి ఉంచేది చెట్టు కంటే ముందు తీగ. మేక గిట్టలాంటి ఆకు, ఊదా పువ్వు ఉండే బాలబంద తీగను మీరు చూసే ఉంటారు. కణుపు కణుపుకూ వేరు దింపుకుంటూ ఇసుకను కుట్టేసినట్టు పట్టుకుంటుంది. మీది కుట్టుపని కాబట్టి ఈ పోలిక మీకు బాగా తెలుస్తుంది. దానితోపాటు రావణాసురుడి మీసాలు అనే ముళ్ళగడ్డి. గాలికి దొర్లే దాని గుండ్రటి ముళ్ళబంతులతో పిల్లలు ఆడుకుంటారు. ఈ రెండూ ఉన్నచోట గాలికి కొట్టుకొచ్చిన ఇసుక ఆగి, దిబ్బ తనంతట తానే పెరుగుతుంది. తీగ ముక్కలను మూరెడు పొడవున కోసి, వానలు మొదలవగానే గండి దగ్గర పడుకోబెట్టి ఇసుక కప్పండి. దిబ్బ వెనక, ఊరి వైపు మొగలి, పొన్న, గంగరావి, కానుగ, తాటి నాటుకోండి. సరుగుడు మన తీరపు చెట్టు కాదు, ఆగ్నేయాసియా, ఆస్ట్రేలియాల నుంచి వచ్చింది. వంటచెరుకుకు పనికొస్తుంది, కాదనను. కావాలంటే అన్నిటికంటే వెనక వరుసలో వేసుకోండి.

పర్రకు మడే సరైనది. అయితే మొక్క కంటే ముందు నీటి సంగతి చూడండి. రొయ్యల చెరువుల గట్ల వల్ల పోటునీరు లోపలికి రావడం ఆగిందా? ఆగి ఉంటే లక్ష మొక్కలు నాటినా ఎండిపోతాయి. కృష్ణా, గోదావరి డెల్టాల్లో ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధనా సంస్థ వారు చేప ముల్లులాంటి కాలువలు తవ్వించి పాడైన మడను తిరిగి పెంచారు. మొగ నుంచి ఒక పెద్ద కాలువ, దానికి ఇరువైపులా ఏటవాలుగా పిల్లకాలువలు. పోటుకు నీరు వచ్చి, ఆటుకు తీసిపోయే ఆ కాలువల వాలులోనే మొక్క పెడతారు. మడలో ఒక రకమైన తెల్లమడ గింజను నీళ్ళలో వేస్తే పైతొక్క దానంతట అదే ఊడిపోతుంది. లోపల ఆకుపచ్చటి మొలక మడత విప్పుకుంటూ ఉంటుంది. దాన్ని బురదలో కొద్దిగా ఒత్తితే చాలు. మొదటి రెండేళ్ళు గేదెలను రానివ్వకండి. వాటికి మడ ఆకు మహా ఇష్టం.

జవాబు: బాపట్ల కుర్రాడు, గుంటూరులో చదువు

అక్కా, ఇంకో మాట. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లీ అనే సముద్రపు తాబేళ్ళు మన తీరంలో గుడ్లు పెడతాయి. సూర్యలంక దగ్గర ఆ గుంటలు నేను కళ్ళారా చూశాను. అలల అంచు దాకా సరుగుడు నాటితే వేళ్ళు, రాలిన ఆకుల మందం వల్ల తల్లి తాబేలుకు తవ్వడానికి చోటు దొరకదు. ఆ మెత్తటి ఇసుకను ఖాళీగా వదలండి.

అర్జీ విషయం. 2019 సీఆర్‌జెడ్ (తీరప్రాంత నియంత్రణ మండలి) ప్రకటన ప్రకారం సజీవంగా ఉన్న ఇసుక దిబ్బలను చదును చేయడం, రూపు మార్చడం నిషేధం. అదే ప్రకటన కింద కలెక్టరు అధ్యక్షతన జిల్లా కమిటీ ఉండాలి. అందులో మత్స్యకారులతో సహా స్థానిక తీరవాసుల ప్రతినిధులు కనీసం ముగ్గురు ఉండాలి. ఒక్కరి పేరున కాకుండా గ్రామసభ తీర్మానంతో, సర్వే నంబరుతో, తేదీ పడిన ఫోటోలతో ఆ కమిటీకే రాయండి. 2002 జీవవైవిధ్య చట్టం కింద మీ పంచాయతీకి జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి. మీ దిబ్బ, మడ, తాబేళ్ళు, మొగలి పొదలు అన్నీ దాని రిజిస్టరులో ఎక్కించమనండి. అక్కడ రాసి ఉంటే రేపు ఎవరూ అది బంజరు అనలేరు.

మళ్ళీ ప్రశ్న అడిగినామె

అయ్యా, తమ్ముడూ, మీ ఇద్దరి జవాబులూ ఫోనులో చదివి వినిపించడానికే ఆదివారం ఊరు వెళ్ళాను. కుర్రవాళ్ళు మొదట చిన్నబుచ్చుకున్నారు. మా పెద్దనాన్న మాత్రం, ‘బాలబంద పీకి కట్టెలపొయ్యిలో వేసినవాళ్ళం మనమే’ అని ఒప్పుకున్నాడు. ఆ తరువాత ఎవరూ వాదించలేదు.

పాత వలతాడుకు బారెడుకొక ముడి వేసి, రామాలయం మెట్టు నుంచి దిబ్బ అంచు దాకా కొలిచాం. నలభై ఒక్క ముడులు. ఇకపై ప్రతి అమావాస్యకూ పౌర్ణమికీ, పెద్దపోటు తరువాత కొలిచి నోటుపుస్తకంలో తేదీతో రాయాలి. ఆ పుస్తకం మా వదిన దగ్గర ఉంటుంది. రాత్రి ట్రాక్టరు చప్పుడైతే వేటకు వెళ్ళేవాళ్ళే ముందు వింటారు కాబట్టి, గుడి గంట కొట్టే బాధ్యత వాళ్ళు తీసుకున్నారు. గ్రామసభలో తీర్మానం పెడతానని సర్పంచి మాటిచ్చారు.

పర్రలో పాత తెల్లమడలు పదకొండు మిగిలి ఉన్నాయి. వాటి గింజ ఎప్పుడు రాలుతుందో వదిన చూసి ఫోను చేస్తానంది. అయ్యా, తొక్క ఊడాక మొలకను ఎన్నాళ్ళు బయట ఉంచవచ్చో అదొక్కటీ చెప్పండి.

జవాబు: విజయవాడ

ఉంచకండమ్మా. ఏరిన రోజునో మర్నాడో నాటేయండి. తడి గోనెసంచిలో, నీడపట్టున తీసుకెళ్ళండి.