అప్‌డేట్: మైపాడు తీరంలో సందడి లేని రెండు రోజులు

మోకాళ్ల నొప్పులున్న మా అమ్మగారితో మైపాడు తీరంలో ప్రశాంతంగా గడపడానికి ఏ రోజులు అనువైనవని కార్తీక మాసంలో అడిగాను. సలహాలిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల వల్ల వాయుగుండాల భయం ఉంటుంది కనుక సంక్రాంతి దాటాక, అదీ ఆదివారం కాకుండా వెళ్లమన్న మాటే పనికొచ్చింది. బస నెల్లూరులోనే ఉంచుకొని, సుమారు 25 కిలోమీటర్లు తెల్లవారుజామున కారులో వెళ్లి, మంగళ, బుధవారాలు రెండు రోజులూ సూర్యోదయానికి ముందే ఇసుక మీద కుర్చీ వేశాం. వలలోంచి చేపలు ఏరుతున్న జాలరులు తప్ప మనిషి అలికిడి లేదు. వారితో అమ్మ వంజరం ధర బేరమాడడం ప్రశాంతత కిందికి రాదనుకోండి. ఎండ ఎక్కకముందే తిరిగి వచ్చేసేవాళ్లం కనుక, తీరంలోనే గది దొరుకుతుందో లేదోనన్న నా ఆందోళన అనవసరమని తేలింది.