ఆదివారం ఉదయం కాలేజీలో పరీక్ష, మందిరంలో ఆరాధన: మీ ఇళ్లలో ఎలా సర్దుకుంటున్నారు?

బెజవాడ_అమ్మ
అందరికీ వందనాలు. మా అబ్బాయి ఇంటర్ మొదటి సంవత్సరం, ఎం.పి.సి. ఇంటి నుంచే వెళ్లి వస్తాడు. కాలేజీలో ప్రతి ఆదివారం ఉదయం తొమ్మిదికి జేఈఈ నమూనాలో పరీక్ష పెడుతున్నారు. మా సంఘంలో ఆరాధన తొమ్మిదిన్నరకు. చేరినప్పటి నుంచి వాడు మందిరం గడప తొక్కింది తక్కువ. ప్రిన్సిపాల్‌ను అడిగితే "ఆ మార్కులు ర్యాంకుల జాబితాలో కలుస్తాయమ్మా, ఒక్కరి కోసం రోజు మార్చలేము" అన్నారు, మర్యాదగానే. మా పాస్టరుగారు "దేవుని దినం దేవునికే" అంటారు. మా ఆయన "రెండేళ్లే కదా, ఓర్చుకో" అంటారు. వాడు ఇద్దరి మాటా విని, ఎవరి వైపూ మాట్లాడకుండా పరీక్ష అట్ట, పెన్నులు సర్దుకుంటాడు. దయచేసి ప్రసంగాలు వద్దు. మీ ఇంట్లో నిజంగా ఏమి చేశారో చెప్పండి. మా చిన్నది ఏడో తరగతి, రేపు దానికీ ఈ వంతు వస్తుంది.

విశ్రాంత_ఉపాధ్యాయుడు
అమ్మా, మాది గుంటూరు, లూథరన్ కుటుంబం. 1842లో లూథరన్ మిషనరీ హేయర్ దొర వచ్చిన నాటి నుంచి ఈ ఊళ్లో బడీ మందిరమూ పక్కపక్కనే పెరిగాయి. అందుకే చదువును దేవునికి పోటీగా నిలబెట్టే మాట నాకు మింగుడుపడదు. ద్వితీయోపదేశకాండం ఆరో అధ్యాయం తీసి చూడండి. పిల్లలకు నేర్పమన్నది ఇంట్లో కూర్చున్నప్పుడు, దారిలో నడిచేటప్పుడు, పడుకునేటప్పుడు, లేచేటప్పుడు. ఆ పని ఆదివారానికీ సండే స్కూల్ టీచరుకూ అప్పగించి చేతులు దులుపుకొన్నది మనమే.

మా ఇంట్లో రాత్రి అన్నానికి ముందు కుటుంబ ప్రార్థన. కీర్తన ఎంచుకునే హక్కు ఇంట్లో అందరికంటే చిన్నవాళ్లది. మా మనవడు నెలల తరబడి ఒకటే కీర్తన ఎంచుకున్నాడు, అందులో చరణాలు తక్కువని. పోనీలే అనుకున్నాం. ఇప్పుడు అది వాడికి పుస్తకం చూడకుండా వస్తుంది. వాక్యం ఒకరు చదవాలి, ప్రార్థన మరొకరు చేయాలి, అదీ క్లుప్తంగా. అన్నం చల్లారిపోయేదాకా ప్రార్థించే మామయ్య ప్రతి ఇంట్లో ఒకరుంటారు. ఆయన వచ్చిన రోజు పిల్లలకు ముందే పెట్టేయండి.

పరుగుపందెం
మాస్టారూ, ఇంటి ప్రార్థన మంచిదే, కానీ అడిగింది ఆదివారం గురించి. 1924 పారిస్ ఒలింపిక్స్‌లో 100 మీటర్ల హీట్స్ ఆదివారం పడ్డాయని స్కాట్లాండ్ పరుగువీరుడు ఎరిక్ లిడెల్ ఆ పందెమే వదులుకున్నాడు. 400 మీటర్లలో పరుగెత్తి బంగారు పతకం తెచ్చాడు. తర్వాత మిషనరీగా చైనా వెళ్లి, 1945లో జపాన్ వాళ్ల నిర్బంధ శిబిరంలో చనిపోయాడు. నేను సండే స్కూల్లో ఏటా చెప్పే కథ ఇది. ఈ కథ చెప్పి, మరుసటి వారమే పిల్లవాణ్ణి పరీక్షకు పంపితే వాడు దేన్ని నమ్మాలి?

లెక్కల_మేడమ్
లిడెల్‌కు 400 మీటర్ల పందెం వేరే రోజుల్లో ఉంది. మన పిల్లలకు ఆ వెసులుబాటు ఎక్కడ? నీట్ 2024లో మే 5న, 2025లో మే 4న జరిగింది. జేఈఈ అడ్వాన్స్‌డ్ 2024లో మే 26న, 2025లో మే 18న. నాలుగూ ఆదివారాలే. సివిల్స్ ప్రిలిమ్స్ కూడా ఆదివారమే పెడతారు. బడులూ కాలేజీలూ ఖాళీగా ఉండే రోజు అది. మన మీద ఎవరో కక్ష కట్టారని పిల్లలకు నూరిపోయకండి, దానివల్ల విశ్వాసం పెరగదు, అనుమానం పెరుగుతుంది.

నేనూ విశ్వాసినే, అలాంటి కాలేజీలోనే లెక్కలు చెబుతాను. లోపలి మాట ఒకటి చెబుతాను. అసలు పరీక్ష వేరు, వారం వారం పెట్టేది వేరు. నెలకు ఒకటి మానేసినంత మాత్రాన కొంప మునగదు. ఆ ప్రశ్నపత్రం తెప్పించుకుని, సోమవారం సాయంత్రం గడియారం ఎదురుగా పెట్టి మూడు గంటలు రాయించండి. తప్పులు వివరించే తరగతి మాత్రం మాననివ్వకండి, పిల్లలు నేర్చుకునేది అక్కడే. మార్కుల జాబితాలో ఆ వారం సున్నా కనిపిస్తుంది. తట్టుకోలేనిది పిల్లవాడు కాదు, తండ్రి. ముందు ఆయన్ను సిద్ధం చేయండి.

గుణదల_కొండ
మేము కతోలికులం. శనివారం సాయంత్రం పూజలో పాల్గొంటే ఆదివారం బాధ్యత తీరినట్టే, కాబట్టి మా అమ్మాయికి ఇబ్బంది లేదు. సత్యోపదేశం తరగతి మాత్రం పోతోంది, అది ఆదివారం పూజ తర్వాతే. ఫాదర్‌గారితో నలుగురు తల్లులం మాట్లాడితే ఇంటర్ పిల్లలకు శనివారానికి మార్చారు. అడగకముందు ఆయనకూ ఈ సంగతి తెలియదు. పిల్లలు రావడం లేదని గుడిలో కూర్చుని బాధపడే బదులు, ఏ వేళకు రాగలరో పెద్దలు ఒకసారి అడిగితే బాగుండు.

ఏడో_రోజు
మీ బాధ ఆదివారం, మాది శనివారం. అడ్వెంటిస్టులం కనుక శుక్రవారం సూర్యాస్తమయం నుంచి మర్నాటి సూర్యాస్తమయం వరకు పనీ చదువూ ముట్టుకోము. శనివారం బడి ఉంటుంది. ప్రతి జూన్‌లో మా అమ్మాయి క్లాస్ టీచరుకు ఉత్తరం ఇస్తుంది. రాత తనది, కింద సంతకం మాది. ఇచ్చేటప్పుడు మేము పక్కనే నిలబడతాం కానీ నోరు విప్పము. ఒప్పుకున్న టీచర్లున్నారు, హాజరు కోసినవారూ ఉన్నారు. మొదటి ఏడు గొంతు వణికింది. ఇప్పుడు "సోమవారం నోట్సు నేనే రాసుకుంటాను, టీచర్" అని తానే మాట ముగించి వస్తుంది. పదమూడేళ్ల పిల్లకు ఏ ప్రసంగమూ ఇంతకంటే నేర్పదనుకుంటాను.

హాస్టల్_నాన్న
ఇంటి నుంచి వెళ్లి వచ్చే పిల్లలున్నవాళ్లు అదృష్టవంతులు. మావాడు హాస్టల్లో. ఫోను వారానికి ఒక్కసారి, అదీ వరుసలో నిలబడితే. నేను కీర్తనల గ్రంథంలోంచి నాలుగు వచనాలు చదవబోతే "నాన్నా, అమ్మ ఇవాళ ఏ కూర వండిందో చెప్పు" అన్నాడు. చెప్పాను. గోంగూర. వచనాలు తర్వాతి వారానికి వాయిదా.

డాలస్_తెలుగు
ఇక్కడ పరీక్షల బదులు ఆదివారం ఉదయం ఫుట్‌బాల్ పోటీలు. మా తెలుగు సంఘం ఒక అమెరికన్ చర్చిలో మధ్యాహ్నం కూడుతుంది కనుక మాకు ఢీకొనదు. పిల్లలకు తెలుగు చదవడం రాదు, తెర మీద ఇంగ్లీషు అక్షరాల్లో కీర్తన చూసి పాడతారు. ప్రసంగం వేళకు పక్క గదికి వెళ్లిపోతారు. అమ్మమ్మ పాడే పాటా మా పిల్లలు పాడే పాటా ఒకటే కావడం మాకు మిగిలిన ఆస్తి.

బెజవాడ_అమ్మ
మేడమ్‌గారు రాసింది మా ఆయనకు చూపించాను. "తట్టుకోలేనిది తండ్రి" అన్న చోట ఆగి, కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చదివారు. నెలకు ఒక ఆదివారం, రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ప్రభువు బల్ల ఉండే మొదటి ఆదివారం, ఒప్పుకున్నారు. అబ్బాయికి చెబితే "నన్ను అడగకుండానే తేల్చేశారా?" అన్నాడు. సరే, నీ మాట ఏమిటి అన్నాం. మిగతా వారాల్లో తెల్లవారుజామున ఆరాధన ఉన్న మందిరం ఏదైనా దగ్గర్లో ఉంటే సైకిల్ మీద తానే వెళ్లి వస్తానన్నాడు. ఏడో రోజు గారూ, ఉత్తరం ఆలోచన మా చిన్నదానికి దాచుకుంటాను.

మూడో_తరం
వేళల సంగతి ఎలాగో సర్దుకుంటుంది. మా ఇంట్లో తెగనిది ఇంకొకటి ఉంది. మా అమ్మాయి పదో తరగతి పరీక్షల కోసం బడి నుంచి వివరాల కాగితం తెచ్చింది. పేరు, తండ్రి పేరు, పుట్టుమచ్చలు, మతం, కులం. పుట్టుమచ్చలు వెతుక్కుంటూ నవ్వుకుంటూ నింపాం. మతం అన్న గడి దగ్గర పెన్ను ఆపి, "నాన్నా, ఇక్కడ నిజం రాయాలా, తాతయ్య సర్టిఫికెట్‌లో ఉన్నది రాయాలా?" అంది.

తెలియనివారి కోసం చెబుతాను. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులకే. తర్వాత 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. మన రెండు రాష్ట్రాల్లోనూ ఎస్సీల నుంచి క్రైస్తవులైనవారు, వారి సంతానం బీసీ-సి కిందికి వస్తారు, రిజర్వేషన్ ఒక శాతం. ఒక ఇంజనీరింగ్ సీటు దగ్గర ఈ తేడా ఎంతో, పిల్లలున్న ప్రతివారికీ తెలుసు. ఆదివారం మందిరంలో ఒక పేరు, కాగితం మీద మరో పేరు ఉన్న ఇళ్లు మన సంఘాల్లో ఎన్నో చెప్పనక్కర్లేదు.

అబద్ధమాడకూడదని కంఠతా పట్టించింది నేనే. అమ్మాయి అడిగింది నన్నే. క్రైస్తవురాలు, బీసీ-సి అని రాయించాను. దానివల్ల పోయేదేమిటో ముందే దాన్ని కూర్చోబెట్టి అంకెలతో చెప్పాను, "నీ సీటు కనుక నీకు చెప్పే హక్కుంది" అన్నాను. రెండు రోజులు ఆలోచించి, రాయమంది. మా నాన్నగారు మాత్రం నాతో సరిగా మాట్లాడటం లేదు. "నేను బాప్తిస్మం తీసుకున్నాక ఊళ్లో ఎవరైనా పక్కన కూర్చోబెట్టుకున్నారా? అవమానం మిగిలింది, హక్కు మాత్రం ఎందుకు పోవాలి?" అంటారు. ఆయన ప్రశ్నకు నా దగ్గర సమాధానం లేదు.

పల్లె_బడి
మీ నాన్నగారి మాటే నా మాట. మీ నిర్ణయం మీద గౌరవం ఉంది. కానీ ఆ గడిలో మరోలా రాసిన కూలి తల్లిదండ్రులను అబద్ధికులని పిల్లలకు చెప్పడానికి నేను ఒప్పుకోను. మతం మారితే అంటరానితనం పోతుందని చట్టం అనుకుంటోంది. మా ఊళ్లో సమాధుల స్థలం ఇప్పటికీ వేరే. అంత దూరం ఎందుకు, సంఘంలో పక్కపక్కన కూర్చుని బల్ల తీసుకున్నవాళ్లే, సంబంధం దగ్గరికి వచ్చేసరికి "మనవాళ్లేనా?" అని ఆరా తీస్తారు. పిల్లలకు ముందు ఈ అబద్ధం గురించి చెప్పండి, గడి గురించి తర్వాత చెబుదురు గాని.

పెరిగిన_పిల్ల
సంబంధాల మాట వచ్చింది కనుక నేనూ రాస్తాను. ఇక్కడ అందరూ అమ్మానాన్నలే, నేను అలా పెరిగిన పిల్లను. కాకినాడ వైపు. సండే స్కూల్లో పట్టిన కంఠత వాక్యాల్లో సగం మరిచిపోయాను. వి.బి.ఎస్. (వేసవి సెలవుల బైబిల్ బడి) పాటల అభినయాలు మాత్రం చేతులకు గుర్తున్నాయి.

నేను ఈ విశ్వాసంలో ఉండిపోవడానికి మా అన్నయ్య పెళ్లి కారణం. క్రైస్తవ ఇళ్లలో కట్నం లేదని ఎవరైనా అంటే నాకు నవ్వొస్తుంది. "మీ అమ్మాయికి మీరు పెట్టుకునేది పెట్టుకోండి" అంటారు, వెనకాలే మధ్యవర్తి అంకె చెబుతాడు. ప్రధానం నాడు పాస్టరుగారు ప్రార్థించే సరికి లెక్క తేలిపోయి ఉంటుంది. 1961 నుంచి నేరమే అయినా, మా సంఘంలో దీని మీద ఒక్క ప్రసంగం విన్న గుర్తు లేదు. సినిమాల మీద చాలా విన్నాను.

అన్నయ్యది ప్రభుత్వ ఉద్యోగం. అమ్మాయిని చూసి వచ్చిన రాత్రి నాన్న, పెదనాన్న వరండాలో కూర్చున్నారు. నేను లోపల బట్టలు మడతపెడుతున్నాను. పెదనాన్న అంకె చెప్పారు, పెద్దదే. పిల్లాడి చదువుకు అయిన ఖర్చు గుర్తుచేశారు, పొలం మీద అప్పు గుర్తుచేశారు. నాన్న చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "కూతురు కిటికీ అవతలే ఉంది అన్నయ్యా. అది వింటుండగా నా నోట అంకె రాదు" అన్నారు. పెదనాన్న గొంతు తగ్గించి "పోనీ, బయటికి వెళ్లి మాట్లాడుకుందాం" అన్నారు. నాన్న లేవలేదు. పైసా తీసుకోకుండా పెళ్లి జరిగింది. పొలం అప్పు ఇంకా ఉంది.

లెక్కల_మేడమ్
పెదనాన్నగారు ఇప్పుడు మాట్లాడుతున్నారా అమ్మా?

పెరిగిన_పిల్ల
క్రిస్మస్‌కు కేకు పంపితే తీసుకుంటారు, ఫోను మాత్రం చేయరు. ఇప్పుడు నా పెళ్లి మాటలు మొదలయ్యాయి మేడమ్. కట్నం ఇవ్వబోమని నాన్న మొదటి ఫోనులోనే చెప్పేస్తున్నారు. రెండో ఫోను చేసినవాళ్లు ఇంతవరకు ఒక్కరే. వచ్చే శనివారం వస్తున్నారు.