సందిగ్ధ విలువనా, గెట్టు విలువనా?

హన్మకొండ నుంచి. డిగ్రీ పిల్లలకు స్టాటిస్టిక్స్ చెప్తా.

మొన్న టి-పరీక్ష, అంటే రెండు సగటుల మధ్య తేడా నిజమైందా, ఊకెనే వచ్చిందా అని చూసే లెక్క, చెప్తుంటే ఒకమ్మాయి లేచింది. "సార్, సందిగ్ధ విలువ అంటున్నరు. అది దాటితే తేలిపోయినట్టే అంటున్నరు. మరి సందిగ్ధం ఏడున్నది?" చాక్‌పీసు చేతిలనే ఉండిపోయింది.

ఇంగ్లీషుల క్రిటికల్ వాల్యూ అనేదాన్నే మనం సందిగ్ధ విలువ అంటున్నం. సందిగ్ధానికి మూలం సంస్కృతంలో దిహ్ ధాతువు. పూయడం, పులమడం అని అర్థం. అన్నీ పులుముకపోయి ఏది ఏదో తెల్వనిది సందిగ్ధం. క్రిటికల్‌కు మూలమైన గ్రీకు మాటకేమో తేల్చడం, తీర్పు చెప్పడం అని అర్థం. తేల్చేదానికి తేలనిదాని పేరు పెట్టుకున్నం! కెమిస్ట్రీల సందిగ్ధ ఉష్ణోగ్రతదీ ఇదే కథ.

అప్పటికప్పుడు నోటికొచ్చింది గెట్టు. బోర్డు మీద గంట ఆకారం గీసి, దీని కింది జాగంత ఎకరం చేను, అంటే నలభై గుంటలు అనుకోండి అన్న. రెండు రకాల మిర్చి, ఒక్కోదానికి పది మళ్లు. సగటు దిగుబడుల తేడాను మళ్లకు మళ్లకు ఉండే ఎగుడుదిగుడుతోని పోల్చి తీసే అంకె టి విలువ. దిగుబడిల నిజంగ తేడా లేకుంటే అది ఎక్కువసార్లు చేను నడుమనే పడుతది. తేడా లేకున్నా ఉందని పొరపడే అవకాశం 5 శాతం పెట్టుకుంటే గెట్టురాళ్లు 2.101 కాడ, ఎడమకొకటి, కుడికొకటి. రాయి అవతల ఇటొక గుంట, అటొక గుంట. మన లెక్కల టి 2.3 వచ్చిందనుకో, గెట్టు దాటినం. మనం నిలబడ్డ కాడి నుంచి అవతలికి మిగిలిన జాగ, రెండో దిక్కుది కూడ కలిపి, గుంటన్నర లోపే. ఎకరంల దాని వంతు దాదాపు 0.034. అదే పి-విలువ. గెట్టు విలువ రాయి, పి-విలువ జాగ.

మీరేమంటరు?

జమ్మికుంట నుంచి:
అన్నా, గెట్టంటే మనకు పంచాయితే గద. పెద్దమనుషులు కూసుంటే రాయి జరుగుతది.

హన్మకొండ:
జరుగుతది తమ్మీ. 1 శాతం అంటే రాయి 2.878 కు పోతది, మన 2.3 ఇవతల్నే ఆగుతది. అందుకే కోతకు ముందే రాయి పాతాలె. మళ్లు తగ్గినా దూరం పోతది. రకానికి మూడే మళ్లుంటే, 5 శాతానికే 2.776. అసలు తక్కువ నమూనాల తిప్పలతోనే ఈ లెక్క పుట్టింది. గిన్నిస్ బీరు కంపెనీల పనిచేసే గాసెట్ 1908ల "స్టూడెంట్" అనే మారుపేరుతో అచ్చేసిండు.

పెద్దపల్లి నుంచి:
సార్, 0.034 అంటే "తేడా లేదు" అన్నది నిజమయ్యే అవకాశం 3.4 శాతమే అని రాయొచ్చా? మా గైడులో అట్లనే ఉంది.

హన్మకొండ:
రాయకమ్మా. తేడా లేదనుకొని గీసిన చేను అది. ఆ అనుకున్నదాని లోపలనే నిలబడి జాగ కొలిచినం. ఆ కొలతతోని అనుకున్నదే నిజమా కాదా అని శాతం ఎట్ల చెప్తం? "నిజంగ తేడా లేకుంటే, ఇంత తేడా గానీ ఇంతకన్న ఎక్కువ గానీ కనపడే అవకాశం" అని రాయి. పొడుగే, కాని తప్పు లేదు.

కరీంనగర్ నుంచి, రిటైర్డ్ తెలుగు పంతులు:
గెట్టుకు నా ఓటు. గెట్టు దాటిన తేడాను "సార్థకం" (ఇంగ్లీషుల సిగ్నిఫికెంట్) అంటరు గద, దాని సంగతి కూడ చూడుండ్రి. జన్మ సార్థకమైంది అన్నట్టు వినపడుతది. క్వింటాలుకు కిలో తేడా కూడ సార్థకం కావచ్చునాయె!

హన్మకొండ:
అవును సార్, మళ్లు మస్తుగుంటే అయితది. దానికి మాట నాకు దొరకలే. ఇంకోటి, గంట ఆకారం చివర్లను తోకలంటే పిల్లలు నవ్వుతున్నరు.

కరీంనగర్:
చేనన్నంక తోకేంది నాయనా, కొస అనుండ్రి.