రాటర్‌డామ్‌లో రెండు రోజులు: ఆర్కిటెక్చర్ విద్యార్థులకు ఏమి చూపించాలి?

ప్రశ్న (నెల్లూరు, అధ్యాపకురాలు):
ఆర్కిటెక్చర్ నాలుగో సంవత్సరం చదువుతున్న పద్దెనిమిది మంది విద్యార్థులను వెంటబెట్టుకొని వచ్చే వేసవిలో నెదర్లాండ్స్ వెళ్తున్నాము. రాటర్‌డామ్‌కు రెండు రోజులే దక్కాయి. కొందరు తల్లిదండ్రులు అప్పు చేసి మరీ పంపుతున్నారు కాబట్టి, వింత కట్టడాల ముందు ఫొటోలు దిగి రావడంతో సరిపెట్టడానికి నాకు మనసొప్పదు. ఆ ఊరు అలా ఎందుకు తయారైందో పిల్లలకు బోధపడాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు (ఒంగోలు, కొన్నేళ్లు డెల్ఫ్ట్‌లో చదివాను):
మేడమ్, అందరూ వెళ్లే క్యూబ్ ఇళ్లతో (ఒక మూల మీద నిలబెట్టిన ఘనాల్లా, వాలుగా కట్టిన ఇళ్లు) మాత్రం మొదలుపెట్టకండి. 1940 మే 14న జర్మన్ విమానాలు కురిపించిన బాంబులకు, వాటి వెంట చెలరేగిన మంటలకు నగరం నడిబొడ్డు కాలిపోయింది. ఆ మంటలు ఎంతవరకు పాకాయో తెలిపే దీపాలను నేటికీ కాలిబాటల్లో పొదిగి ఉంచారు. ఆ హద్దు వెంట కొంత దూరం నడిపించి, గుండె ఉండవలసిన చోట ఖాళీతో, చేతులు పైకెత్తి నిలిచిన జాడ్‌కిన్ శిల్పం దగ్గర కాసేపు ఆపండి. కాలిన స్థలాలను నగరపాలక సంస్థ స్వాధీనం చేసుకొని వీధులను కొత్తగా గీసింది కనుకనే, 1953లో లైన్‌బాన్ వంటి, వాహనాలకు చోటులేని దుకాణాల వీధి సాధ్యమైంది. ఇది తెలిసిన తరువాత బ్లాక్ రైల్వే స్టేషన్ దగ్గరికి వెళ్తే, ఆర్కిటెక్ట్ పీట్ బ్లోమ్ 1984 నాటికి పూర్తిచేసిన క్యూబ్ ఇళ్లు వింతగా కాక ఒక ప్రయోగంగా కనిపిస్తాయి. సందర్శకులకు తెరిచి ఉంచిన ఇంట్లోకి తప్పక తీసుకెళ్లండి. గోడలు వాలి ఉన్నప్పుడు బీరువా ఎక్కడ పెట్టాలన్న చిక్కు లోపల నిలబడితేనే తెలుస్తుంది. ఎదురుగానే 2014లో ప్రారంభమైన మార్క్‌తాల్ ఉంది: కింద కూరగాయలు, చేపల అంగళ్లు, వాటి మీదుగా కమానులా వంగిన 228 ఇళ్లు.

జవాబు (కావలి, సివిల్ ఇంజనీరు):
పై సలహాతో ఏకీభవిస్తూ ఒకటి చేర్చుతాను. 2013లో ప్రారంభించిన బెంతెమ్‌ప్లైన్ కూడలిని వదలకండి. మామూలు రోజుల్లో పిల్లలు ఆడుకునే మూడు పల్లపు అంగణాలు, భారీ వాన కురిసినప్పుడు చుట్టుపక్కల నీటిని పట్టి ఉంచి, తరువాత నెమ్మదిగా వదులుతాయి. పెన్నా వరద వేరు, రైల్వే అండర్‌బ్రిడ్జి కింద నిలిచే వాననీరు వేరు. ఈ రెండో సమస్యకు మన విద్యార్థులు అక్కడ ఒక జవాబు చూడగలరు. రెండో రోజు 1931లో పూర్తయిన వాన్ నెల్లె కర్మాగారానికి కేటాయించండి. కాఫీ, టీ, పొగాకు సిద్ధం చేసే పనివారికి పగటి వెలుతురు అందాలని గోడలకు బదులు అద్దాలు నిలిపిన కట్టడం అది. 2014లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. అందులో ఇప్పుడు కార్యాలయాలున్నాయి కాబట్టి, సందర్శన ముందుగానే ఖాయం చేసుకోవాలి.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. ఎత్తైన భవనాలను ఎరాస్మస్ వంతెన మీది నుంచే చూపించి, మిగిలిన సమయాన్ని మీరు చెప్పిన వరుసకే ఇస్తాను. బయలుదేరేలోగా పిల్లల చేత మన పెద్దబజారులో ఒక వీధి కొలతలు తీయించి, ఆ పటాలను లైన్‌బాన్‌కు తీసుకెళ్తాము.