బూటింగ్‌లో డిస్క్ దొరక్కపోతే సర్వర్ ఆగాలా, సాగాలా?

కావలి నుంచి: మా రొయ్యల మేత వ్యాపారానికి సర్వర్ కందుకూరు గోదాములో ఉంది. కరెంటు పోయి వచ్చాక ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి సర్వర్‌లోకి వెళ్లే దారి) అందలేదు. అక్కడి కుర్రవాడు తెర ఫోటో పంపితే తెలిసింది: డేటా డిస్క్ కోసం 90 సెకన్లు చూసి, ఎమర్జెన్సీ మోడ్‌లో (మామూలు సర్వీసులు మొదలుపెట్టకుండా మరమ్మతు కోసం ఆగే స్థితి) నిలబడిపోయింది. ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో (బూట్‌లో ఏ డిస్కులు తగిలించాలో చెప్పే ఫైలు) ఆ డిస్క్‌కు నోఫెయిల్ (అది దొరక్కపోయినా బూట్ సాగించమని) పెడదామంటే మా మేనేజరు గారు ఒప్పుకోవడం లేదు. మీరేమంటారు?

నెల్లూరు నుంచి: ఆయన మాటే నాదీ. డిస్క్ లేకుండా సర్వర్ లేచిందనుకోండి. కంటెయినర్‌లో (ప్రోగ్రామును విడిగా నడిపే పొట్లం) నడిచే డేటాబేస్ అయితే, ఖాళీ ఫోల్డరు చూసి కొత్త డేటాబేస్ సృష్టించుకోవచ్చు. ఆ రోజు బిల్లులన్నీ అందులోకి పోతాయి. తర్వాత అసలు డిస్క్‌ను మౌంట్ చేస్తే (ఆ ఫోల్డరుకు తగిలిస్తే) అవి దాని కింద కనబడకుండా పడి ఉంటాయి. ఒక పూట సర్వర్ ఆగితే సర్దుకోవచ్చు. చీలిన లెక్కలను కలపడం నరకం.

ఒంగోలు నుంచి: మీ భయం నిజమేనండీ, కానీ దానికోసం ఎస్‌ఎస్‌హెచ్‌ను ఎందుకు బలిపెట్టాలి? డిస్క్ అవసరం డేటాబేస్‌ది. కాబట్టి ఆగవలసింది డేటాబేస్ ఒక్కటే. దాని సిస్టమ్‌డీ యూనిట్‌లో (లినక్స్‌లో సర్వీసును ఎలా మొదలుపెట్టాలో చెప్పే ఫైలు), కంటెయినర్ అయితే వాటిని నడిపే డాకర్ సర్వీసు యూనిట్‌లో, రిక్వైర్స్‌మౌంట్స్‌ఫర్ అని ఆ ఫోల్డరు దారి రాయండి. మౌంట్ కాకపోతే ఆ సర్వీసు మొదలు కాదు. ఇంకా అనుమానముంటే, డిస్క్ మౌంట్ కాని సమయంలో ఖాళీ ఫోల్డరుకు చాటర్ అనే ఆదేశంతో ప్లస్ ఐ (మార్చకూడదు) గుర్తు పెట్టండి, అన్ని అధికారాలున్న రూట్ కూడా అందులో రాయలేడు. ఈ రెండూ చేశాకే నోఫెయిల్. డెబియన్ అనే లినక్స్‌లో రూట్ ఖాతాకు తాళం ఉంటే ఎమర్జెన్సీ మోడ్ షెల్ (ఆదేశాలు టైపు చేసే చోటు) కూడా ఇవ్వదు. తెర ముందున్న మీ కుర్రవాడు మాత్రం ఏం చేస్తాడు?

నెల్లూరు నుంచి: బూట్ డిస్కే పోతే? కొత్త కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగం) పానిక్ అయితే, అంటే కోలుకోలేక ఆగిపోతే? నోఫెయిల్ అక్కడ పనికిరాదు. ఐపీఎంఐ (యంత్రాన్ని దూరం నుంచి నడిపే విడి ఏర్పాటు) ఉన్న యంత్రం కొనమనండి. ఆపరేటింగ్ సిస్టమ్ లేవకపోయినా తెర కనబడుతుంది. దాన్ని నేరుగా ఇంటర్నెట్‌కు మాత్రం తగిలించకండి, వీపీఎన్ (మనవాళ్లకే తెరిచే రహస్య నెట్ దారి) వెనుక ఉంచండి.

కావలి నుంచి: మాది మామూలు డెస్క్‌టాప్ అండీ, ఐపీఎంఐ లేదు.

ఒంగోలు నుంచి: అయితే ఐపీ కేవీఎం పెట్టె (తెర, కీబోర్డులను నెట్‌లో దూరానికి అందించేది) ఒకటి తగిలించండి. బయాస్‌లో కరెంటు రాగానే యంత్రం దానంతట అదే లేచేలా పెట్టండి. కొత్త కెర్నల్‌ను గ్రబ్ (బూట్‌లో కెర్నల్‌ను ఎంచే ప్రోగ్రాము) రీబూట్ ఆదేశంతో ఒక్కసారికే ఎంచుకోండి, అందుకు గ్రబ్ డిఫాల్ట్ సేవ్‌డ్ అని, సేవ్ అయిన ఎంపిక పాత కెర్నల్ అని ఉండాలి. కెర్నల్‌కు ఇచ్చే ఆదేశ వరుసలో పానిక్ విలువ 30 పెడితే, పానిక్ అయిన 30 సెకన్లకు రీబూట్ అయి పాత కెర్నల్‌తో లేస్తుంది.

నెల్లూరు నుంచి: యూనిట్‌లో ఆ వరుస రాశామని చెబితే చాలదు. నిజంగా డిస్క్ తీసి చూడనిదే నేను ఒప్పుకోను.

కావలి నుంచి: ఆదివారం గోదాముకు సెలవు. ముందు బ్యాకప్ తీసి, యంత్రం ఆపి, డేటా డిస్క్ కేబుల్ ఊడదీసి బూట్ చేస్తాను. ఎస్‌ఎస్‌హెచ్ అంది, డేటాబేస్ ఆగితేనే నోఫెయిల్ ఉంచుతాను. లాగ్ ఇక్కడే పెడతాను.