గుత్తివంకాయ కోసం ఎయిర్ ఫ్రయ్యర్ కొనాలా, ముందు మిక్సీ కొనుక్కోవాలా?

కొత్త కాపురం (కూకట్‌పల్లి):
మా మిక్సీ పోయిన వారం కాలిపోయింది. అడుగున ఉండే ఎర్ర బటన్ నొక్కి చూశాను, లాభం లేదు, మాడు వాసన రెండు రోజులు పోలేదు. చేతిలో 6000 ఉన్నాయి, రెండూ కొనలేం. మా ఆయనకి కొలెస్ట్రాల్ ఎక్కువగా ఉంది, డాక్టర్ నూనె తగ్గించమన్నారు, కానీ వారానికి రెండుసార్లు గుత్తివంకాయ ఉండాల్సిందే. అందుకని ఎయిర్ ఫ్రయ్యర్ కొందాం, కారప్పొడి బయట తెచ్చుకుందాం అంటున్నారు. నాకు మనసు ఒప్పడం లేదు. మీరేమంటారు?

రాజమండ్రి అక్క:
మిక్సీ కొనమ్మా, రెండో ఆలోచన వద్దు. గుత్తివంకాయ రుచంతా కారంలోనే ఉంటుంది, ప్యాకెట్ పొడిలో నువ్వులు ఎప్పుడు వేయించారో ఎవరికి తెలుసు? కూరపొడులకి 500 వాట్లది సరిపోతుంది, రోజూ ఇడ్లీ పిండి రుబ్బేటట్టయితేనే 750కి వెళ్ళు. చిన్న చట్నీ జారు ఉందో లేదో మాత్రం చూసుకో, గుప్పెడు పల్లీలు పెద్ద జారులో వేస్తే గోడలకి అంటుకుపోతాయి తప్ప నలగవు. వేయించినవి పూర్తిగా చల్లారాకే వెయ్యాలి. ముందు ధనియాలు, జీలకర్ర, ఎండుమిర్చి తిప్పి, తర్వాత పల్లీలు, చివర్న నువ్వులు, కొబ్బరి వేసి ఆపి ఆపి తిప్పాలి. ఒకేసారి వేసి గిర్రున తిప్పావంటే నూనె వదిలి ముద్దయిపోతుంది.

నూనె మానేసినవాడు (కరీంనగర్):
అక్కా, మీరు చెప్పింది పొడి గురించి, ఆమె అడిగింది ఆరోగ్యం గురించి. రెండేళ్ళుగా ఎయిర్ ఫ్రయ్యర్ వాడుతున్నాను. వంకాయ స్పాంజి లాంటిది, మూకుట్లో ఎంత నూనె పోస్తే అంతా పీల్చేస్తుంది, అయ్యో ఎండిపోతోందని మనం మళ్ళీ పోస్తాం. ఇందులో పావుకిలో కాయలు గాట్లు పెట్టి, ఒక స్పూను నూనె రాసి, 180 డిగ్రీల్లో 12 నిమిషాలు పెడితే మెత్తబడతాయి. ఒక్కటి గుర్తుపెట్టుకోండి, కారం కూరి పెట్టకూడదు. ఫ్యాన్ గాలికి పొడి లేచి పైన మాడిపోతుంది, నాకు మొదటిసారి అలాగే అయ్యింది. కాయలు ఉత్తవే కాల్చి, తర్వాత కారం కూరి, చింతపండు పులుసులో పది నిమిషాలు ఉడికిస్తే చాలు. కరెంటు గురించి భయపడకండి, 1500 వాట్లది 20 నిమిషాలు ఆగకుండా నడిచినా అర యూనిట్టే.

రాజమండ్రి అక్క:
కాయ మగ్గేటప్పుడే కారం లోపలికి దిగాలి తమ్ముడూ, కాల్చాక కూరితే కాయ వేరు, కారం వేరు. నూనె తగ్గించే ఉపాయం మన అమ్మమ్మల దగ్గరే ఉంది. మందపాటి మూకుడు, సన్నటి సెగ, పైన గుంట పళ్ళెం మూత పెట్టి అందులో చెంబెడు నీళ్ళు పోయాలి. ఆవిరి పళ్ళేనికి తగిలి చెమర్చి బొట్లు బొట్లుగా కూరలోకే పడుతుంది, కాయలు అడుగంటవు. పావుకిలోకి రెండు స్పూన్లు చాలు, మా ఇంట్లో నలుగురం అలాగే తింటున్నాం.

డాలస్ వంటిల్లు:
ఇక్కడ మాకు ఎయిర్ ఫ్రయ్యర్ నిజంగా అక్కరకొచ్చింది, అపార్ట్‌మెంట్‌లో కాస్త పోపు మాడితే చాలు స్మోక్ అలారం కూస్తుంది. మిక్సీకే కష్టపడ్డాను, అమ్మ ఇచ్చి పంపింది 230 వోల్టులది, ఇక్కడ వచ్చేది 120, చివరికి 110 వోల్టుల మోడల్ విడిగా కొన్నాను. నాకు రెండూ ఉన్నాయి, ఒక్కటే ఉంచుకోమంటే మిక్సీయే ఉంచుకుంటాను.

లెక్కల మనిషి (విశాఖ):
అందరూ మూకుట్లో పోసే నూనెనే లెక్కేస్తున్నారు, కారంలో ఉన్నది ఎవరూ చూడట్లేదు. పల్లీల బరువులో, నువ్వుల బరువులో దాదాపు సగం కొవ్వే. 50 గ్రాముల పల్లీలు, రెండు పెద్ద స్పూన్ల నువ్వులు వేస్తే 30 గ్రాములు దాటుతుంది, అంటే రెండు పెద్ద స్పూన్ల నూనెతో సమానం. ఎండుకొబ్బరిలో సగం కంటే ఎక్కువే, అదీ చాలావరకు సంతృప్త కొవ్వు, కొలెస్ట్రాల్ ఉన్నవాళ్ళు ముందు తగ్గించాల్సింది అదే. కొబ్బరి మానేసి, పల్లీలు సగం చేసి, ఆ లోటుకి వేయించిన శనగపప్పు, రెండు ఉల్లిపాయలు వేసుకోండి, కారం చిక్కగానే వస్తుంది. ఇది ఏ ఎయిర్ ఫ్రయ్యరూ చెయ్యలేదు, మిక్సీ ఉంటేనే మీ చేతిలో ఉంటుంది, ప్యాకెట్‌లో ఎంత కొబ్బరి కలిపారో మీరు మార్చలేరు కదా.

కొత్త కాపురం (కూకట్‌పల్లి):
500 వాట్ల మిక్సీ, మూడు జార్లది కొన్నాం. ఆదివారం పక్కింటివాళ్ళ ఎయిర్ ఫ్రయ్యర్ అడిగి తెచ్చి, పావుకిలో అందులో, పావుకిలో మూకుట్లో నీళ్ళ పళ్ళెం పెట్టి చేశాను. రెండింటికీ ఒకే కారం, కొబ్బరి లేకుండా. మూకుట్లో కాయ వేలితో నొక్కితే విడిపోయింది, కారం గుజ్జులోకి దిగింది. ఎయిర్ ఫ్రయ్యర్‌ది తొక్క కొంచెం గట్టిగా ఉంది, కానీ కాల్చిన వాసన బాగుంది. మా ఆయన రెండూ తిని రెండోసారి మూకుడు వైపే చెయ్యి పెట్టారు. కొబ్బరి లేదని మాత్రం కనిపెట్టేశారు.

నూనె మానేసినవాడు (కరీంనగర్):
సరే, గుత్తివంకాయకి ఒప్పుకుంటున్నాను. బెండకాయ వేపుడికి మాత్రం ఒప్పుకోను. ఈసారి అది కూడా రెండు రకాలుగా చేసి చెప్పండి.