గాలితో ఉబ్బే లైఫ్ జాకెట్‌ను విమానంలో తీసుకువెళ్లడం గురించి

వచ్చే నెలలో క్రొయేషియాలోని స్ప్లిట్ దగ్గర వారం రోజులు తెరచాప పడవలో తిరగడానికి హైదరాబాద్ నుంచి వెళుతున్నాను. నా లైఫ్ జాకెట్‌కు 33 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ ఒకటి బిగించి ఉంది, విడిగా మరొకటి ఉంది. విమానయాన సంస్థ అనుమతిస్తే జాకెట్‌కు బిగించినవి రెండు, విడివి రెండు వరకు తీసుకువెళ్లవచ్చని అయాటా (విమానయాన సంస్థల అంతర్జాతీయ సంఘం) నియమాలు చెబుతున్నాయి; ఆ అనుమతి ఈమెయిల్‌లో వచ్చింది కూడా. అయితే నిరుడు ఒక విమానాశ్రయంలో ఇలాంటి పత్రమే చూపించినా, తనిఖీ సిబ్బంది సిలిండర్‌ను తీయించేశారు (అది లేని జాకెట్‌ను నోటితో ఊది నింపుకోవలసిందే). కనుక ఇటీవల వీటితో ప్రయాణించినవారు సిలిండర్‌ను విప్పి చెక్-ఇన్ సామానులో పెట్టారో, బిగించే ఉంచి చేతి సంచిలో తీసుకువెళ్లారో, తనిఖీలో ఏ కాగితం చూపితే ఒప్పుకున్నారో దయచేసి తెలియజేయగలరు.